సొంతంగా బ్యూటీ పని మొదలుపెడుతున్నారా? ముందు మీ గంట ఖరీదెంతో తేల్చుకోండి

చేయి తిరిగిన బ్యూటీషియన్లకు కొదవ లేదు. కానీ రోజంతా నిలబడి పని చేసి, నెలాఖరున లెక్క చూసుకుంటే ఇంకొకరి దగ్గర జీతానికి చేసినప్పటికంటే తక్కువ మిగిలిందని తల పట్టుకునేవాళ్ళు కూడా వాళ్ళలోనే ఎక్కువ. పని రాక కాదు, తమ దగ్గర అమ్మకానికి ఉన్న అసలు సరుకు తమ టైమేనని లెక్కేసుకోక. క్రీములు, రంగులు, పాలిష్‌లు ఎన్నైనా తెచ్చుకోవచ్చు, రోజులో గంటలు మాత్రం తెచ్చుకోలేం. ఏ సర్వీసు పెట్టాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎంత తీసుకోవాలి, చెప్పకుండా రానివాళ్ళను ఏం చేయాలి, అన్నింటికీ జవాబు అక్కడే దొరుకుతుంది కాబట్టి ఈ గైడ్ మొత్తం ఆ గంట చుట్టూనే తిరుగుతుంది.

1. ఏ పని చేస్తారో తేల్చుకోండి

"అన్నీ చేస్తాం" అని బోర్డు పెట్టాలనిపిస్తుంది, ఎవరొచ్చినా వెనక్కి పంపకూడదని. కానీ లిస్టులో ఒక్కో పేరు చేరేకొద్దీ దానికి వేరే స్టాక్, వేరే పనిముట్లు, వేరే ప్రాక్టీసు కావాలి. నెలకు ఇద్దరు అడిగే సర్వీసు కోసం తెచ్చిన డబ్బా సగంలోనే ఎక్స్‌పైరీ అయిపోతుంది. మొదట రెండు మూడు పనులు చాలు, అవి కూడా ఒకదానికొకటి కలిసేవి: ఐబ్రోస్‌తో వ్యాక్సింగ్, హెయిర్ కలర్‌తో కటింగ్, అలా.

ఎంచుకునేటప్పుడు ఒక గిరాకీకి ఎంత వస్తుందో మాత్రమే చూడకండి, ఆ మనిషి మళ్ళీ ఎన్నాళ్ళకు వస్తుందో చూడండి. జెల్ నెయిల్స్ వేయించుకున్నవాళ్ళు రెండు మూడు వారాల్లో తిరిగి వస్తారు. ఐలాష్ ఎక్స్‌టెన్షన్లకు ఫిల్లింగ్ కూడా దాదాపు అంతే. థ్రెడింగ్‌కు రెండు నుంచి నాలుగు వారాలు, వ్యాక్సింగ్‌కు మూడు నుంచి ఆరు, కుదుళ్ళ దగ్గర తెల్లబడ్డ జుట్టుకు రంగు వేయడానికి నాలుగు నుంచి ఆరు. పెళ్లి మేకప్‌లో ఒక్కరోజులో వచ్చేది చూస్తే కళ్ళు తిరుగుతాయి కానీ ఆ పెళ్లికూతురు మళ్ళీ రాదు. ఆమె చెల్లెలో స్నేహితురాలో రావాలి. అందుకే మేకప్ మాత్రమే చేసేవాళ్ళు ఎప్పుడూ కొత్త గిరాకీ వెతుక్కుంటూనే ఉండాలి. అదే ఇష్టమైతే చేయండి, పక్కన తరచూ తిరిగొచ్చే పని ఒకటి ఉంచుకోండి.

సొంత బ్రాండ్ క్రీములు, నూనెలు చేసి అమ్మాలన్న ఆలోచన ఉంటే దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. నీళ్ళు కలిసిన ఏ క్రీముకైనా సరైన ప్రిజర్వేటివ్ లేకపోతే కొన్నాళ్ళకే బ్యాక్టీరియా, బూజు పట్టుకుంటాయి, కంటికి కనిపించకపోయినా. అది వేరే వ్యాపారం, దానికి వేరే టెస్టులు, వేరే నిబంధనలు.

2. కాగితాలు

విసుగు పుట్టించే పని, ఎగ్గొట్టకండి. నిబంధనలు చోటును బట్టి మారతాయి కాబట్టి స్థానిక అధికారుల దగ్గరే మూడు సంగతులు కనుక్కోండి: నేను చేసే ఈ ఫలానా పనికి లైసెన్స్ లేదా సర్టిఫికెట్ కావాలా, నేను పని చేసే చోటుకు అనుమతి కావాలా, ఆదాయం ఎంత దాటితే ఏ పన్ను కట్టాలి. పని పేరు విడిగా చెప్పి అడగండి, ఎందుకంటే కటింగ్‌కు అడగనిది లాష్‌లకో కెమికల్ పీల్‌కో అడగవచ్చు. అద్దె ఇంట్లో చేయాలనుకుంటే ఇంటి యజమాని ఒప్పుకోలు రాతలో తీసుకోండి.

ఇన్సూరెన్స్ తీసుకుంటే పాలసీ మొత్తం చదవండి, ముఖ్యంగా చిన్న అక్షరాలు. ప్యాచ్ టెస్ట్ (అలర్జీ వస్తుందేమోనని ముందే చర్మం మీద కొంచెం రాసి చూడడం) చేసినట్టు రికార్డు చూపించమనే పాలసీలు ఉంటాయి. చేశానని నోటితో చెబితే చెల్లదు. డబ్బు విషయానికొస్తే మొదటి రోజు నుంచే వేరే బ్యాంకు ఖాతా పెట్టుకోండి, చిన్నదైనా సరే. ఇంటి ఖర్చు, పని ఖర్చు ఒకే సంచిలోంచి తీస్తుంటే లాభమొస్తోందో నష్టమొస్తోందో ఎప్పటికీ తెలియదు.

3. ఎక్కడ కూర్చుని చేస్తారు

నాలుగు దారులున్నాయి. ఇంట్లో ఒక గది, కస్టమర్ల ఇళ్ళకు వెళ్ళడం, వేరేవాళ్ళ పార్లర్‌లో ఒక కుర్చీ అద్దెకు తీసుకోవడం, సొంత షాపు. షాపును చివరికి పెట్టడానికి కారణం ఉంది: మీరు సెలవు తీసుకున్న రోజు కూడా అద్దె సెలవు తీసుకోదు. గిరాకీ లేకముందే షాపు తీసుకుని, ఇంటీరియర్‌కి ఉన్నదంతా పోసి, ఆ తర్వాత కస్టమర్ల కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడం కంటే ముందు గిరాకీ, తర్వాత షాపు అన్న వరస మేలు.

ఇళ్ళకు వెళ్ళే పనిలో పెట్టుబడి తక్కువ అనిపిస్తుంది. దారిలో పోయే టైమ్‌ను ఎవరూ లెక్కేయరు. గంట పనికి రానుపోను గంట పడితే మీ గంట సగం ధరకే పోయినట్టు. దూరాన్ని బట్టి చార్జీ పెట్టండి, లేదా ఒక రోజు ఒక వైపే అని అపాయింట్‌మెంట్లు సర్దుకోండి.

కుర్చీ అద్దె మంచి మధ్యేమార్గం, షరతులు ముందే మాట్లాడుకుంటే. నెలకు ఇంతని ఇవ్వాలా, లేక వచ్చినదాంట్లో శాతమా? నెమ్మదిగా మొదలుపెట్టేవాళ్ళకు శాతం నయం, గిరాకీ పెరిగాక స్థిరమైన అద్దె నయం. నీళ్ళు, కరెంటు, టవల్స్ ఎవరివి? తాళం ఎవరి దగ్గర? అన్నిటికంటే ముఖ్యం, మీరు వెళ్ళిపోయేటప్పుడు మీ కస్టమర్ల ఫోన్ నంబర్లు మీవేనా? ఇది మొదట్లో అడగడానికి మొహమాటంగా ఉంటుంది, విడిపోయేటప్పుడు మాత్రం గొడవంతా దీని దగ్గరే మొదలవుతుంది. రాసుకుని సంతకాలు పెట్టుకోండి.

4. గంట లెక్క

చాలామంది రేటు ఎలా పెడతారంటే, పక్కనున్నవాళ్ళు ఎంత తీసుకుంటున్నారో చూసి దానికంటే కాస్త తక్కువ. పక్కనున్నవాళ్ళ అద్దె ఎంతో, వాళ్ళకు అప్పుందో లేదో, అసలు వాళ్ళకే లాభం వస్తోందో లేదో మీకు తెలియదు. వాళ్ళ తప్పు లెక్కలోంచి ఇంకా తగ్గించుకోవడం ఎందుకు?

ఇలా చేయండి. నెలకు మీ చేతికి ఎంత రావాలో రాయండి, 30,000 అనుకుందాం (ఇవి లెక్క కోసం వేసిన అంకెలు, మీవి మీరు వేసుకోండి). అద్దె, కరెంటు, ఫోన్, ఇన్సూరెన్స్, పాడైన పనిముట్లకు పక్కన పెట్టేది కలిపి 12,000. పన్నులకు 6,000. మొత్తం 48,000. ఇప్పుడు గంటలు. వారానికి 40 గంటలు పని చేస్తారు సరే, అందులో డబ్బొచ్చే పని ఎంత? తుడవడం, సామాన్లు తేవడం, మెసేజ్‌లకు జవాబులు, ఖాళీగా పోయిన అపాయింట్‌మెంట్లు తీసేస్తే మొదటి ఏడాదిలో 24 గంటలు ఉంటే గొప్ప. నెలకు 96. 48,000ను 96తో భాగిస్తే గంటకు 500.

ఇప్పుడు ఒక ఫేషియల్ తీసుకోండి. పని 75 నిమిషాలు, ముందూ వెనకా శుభ్రం చేసుకోవడానికి 15, మొత్తం గంటన్నర, అంటే 750. వాడిన క్రీములు, దూది, గ్లవ్స్, టవల్ ఉతకడం కలిపి 150. కాబట్టి ఆ ఫేషియల్ రేటు 900. అంతకంటే తక్కువకు చేస్తే మిగతాది మీ జేబులోంచి పోతోంది.

డిస్కౌంట్ సంగతి కూడా ఈ లెక్కలోనే చూడండి. 900 మీద 20 శాతం తగ్గిస్తే 720. సామాన్ల ఖర్చు 150 తగ్గదు, కాబట్టి గంటన్నరకు 570 మిగిలింది, గంటకు 380. అద్దె వగైరాల వాటా గంటకు 125 (12,000ను 96తో భాగిస్తే), అది కూడా తగ్గదు. అంటే గంటకు 375 మిగలాల్సిన చోట 255 మిగిలింది. కస్టమర్‌కు ఐదో వంతు తగ్గించారు, మీకు మూడో వంతు పోయింది. బంధువులకు, స్నేహితులకు తగ్గించి చేసేవాళ్ళు ఈ పేరా ఇంకోసారి చదవండి. చుట్టాలకు ఇవ్వాలనిపిస్తే ఏడాదికి ఒకసారి ఉచితంగా చేయండి, రేటు మాత్రం తగ్గించకండి. ఉచితమంటే కానుక అనుకుంటారు, తగ్గించిన రేటును మాత్రం అదే మీ అసలు రేటని పదిమందికీ చెబుతారు.

అంకె మరీ ఎక్కువ అనిపిస్తే రేటు తగ్గించే ముందు టైమ్ చూడండి. ఒక పనికి మీకు నిజంగా ఎంత పడుతోందో పది మంది మీద గడియారం పెట్టి రాసుకోండి. చేతికి అందని చోట ఉన్న ట్రే, ప్రతిసారీ లేచి తెచ్చుకునే వేడినీళ్ళు, ఇలాంటివాటిలోనే పది నిమిషాలు పోతుంటాయి.

5. సామాన్లు

నిల్వకు కొనకండి. హోల్‌సేల్‌లో పెద్ద డబ్బా చవక అనేది అది అయిపోయేదాకా వాడినప్పుడే. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 6ఎం, 12ఎం అని ఉంటుంది చూడండి, మూత తీశాక అన్ని నెలలే వాడాలని. తీసిన రోజు తేదీ మార్కర్‌తో డబ్బా మీదే రాయండి. మస్కారా అయితే మూడు నెలలకు పారేయడమే, అది కూడా ప్రతి మనిషికీ వాడి పారేసే బ్రష్‌తోనే.

డబ్బు ఎక్కడ పెట్టాలంటే, కస్టమర్ కూర్చునే కుర్చీ లేదా బెడ్, మంచి వెలుతురు, మీరు కూర్చునే స్టూల్. అద్దాలు, గోడ రంగులు తర్వాత.

నెయిల్స్ చేసేవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. జెల్, దాన్ని ఆరబెట్టే ల్యాంప్ ఒకే కంపెనీ జత అయితే మంచిది, లేదా కంపెనీ ఆ ల్యాంప్‌కు సరిపోతుందని చెప్పినదై ఉండాలి. పైకి గట్టిపడినట్టు కనిపించి లోపల పచ్చిగా మిగిలిన జెల్ చర్మానికి తగులుతూ ఉంటే అలర్జీ వస్తుంది. జెల్‌లో ఉండే హేమా లాంటి యాక్రిలేట్ల అలర్జీ ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. దంతాలకు వేసే ఫిల్లింగుల్లో, ఎముకల ఆపరేషన్లలో వాడే సిమెంటులో కూడా ఇదే జాతి పదార్థాలుంటాయి కాబట్టి విషయం గోళ్ళతో ఆగదు. రోజూ ముట్టుకునేది మీరే కనుక ముందు ప్రమాదం మీకే. జెల్ గ్లవ్స్‌కు అంటితే వెంటనే మార్చేయండి, నైట్రైల్ గ్లవ్స్‌లోంచి కూడా అది కొద్ది నిమిషాల్లోనే లోపలికి దిగుతుంది. జెల్ ల్యాంప్ వెలుగుకు గట్టిపడడానికి కలిపే టీపీవో అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. మీరు ఎక్కడున్నా కొనే ముందు లేబుల్ వెనక్కి తిప్పి చదవడం అలవాటు చేసుకోండి.

జుట్టు సాఫీ చేసే ట్రీట్‌మెంట్లలోనూ అంతే. మెథిలిన్ గ్లైకాల్ అని రాసి ఉంటే వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ వస్తుందని అర్థం. అది మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే వర్గీకరించింది. కిటికీ లేని చిన్న గదిలో ఆ పొగ పీలుస్తూ రోజంతా నిలబడేది కస్టమర్ కాదు.

6. శుభ్రత

కడగడం, క్రిములను చంపడం, పూర్తిగా స్టెరిలైజ్ చేయడం (ఒక్క క్రిమి కూడా మిగలకుండా చేయడం), ఈ మూడూ వేరువేరు. ముందు సబ్బునీళ్ళతో బ్రష్ పెట్టి రుద్ది కడగాలి, మురికి ఉన్న పనిముట్టు మీద ఏ మందూ సరిగ్గా పనిచేయదు. తర్వాత డిస్ఇన్ఫెక్టెంట్‌లో పూర్తిగా మునిగేలా వేయాలి, లేబుల్ మీద ఎన్ని నిమిషాలని ఉంటే అన్ని నిమిషాలు. చాలావాటికి అది 10 నిమిషాలు. ముంచి తీసేస్తే పని జరగదు. స్పిరిట్ వాడితే 70 శాతానిది వాడండి, 99 శాతానిది ఇంకా బలమైనదని కొంటారు కానీ క్రిములను చంపడానికి అందులో కాస్త నీళ్ళు ఉండాలి. రక్తం తగిలే అవకాశమున్న లోహపు పనిముట్లకు ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో స్టెరిలైజ్ చేసే యంత్రం) ఉండాలి: 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 నిమిషాలు, లేదా 134 దగ్గర 3 నిమిషాలు. నీలం లైటున్న యూవీ పెట్టె స్టెరిలైజ్ చేయదు, శుభ్రం చేసినవి పెట్టుకోవడానికి పనికొస్తుందంతే.

వ్యాక్స్ దగ్గర ఒక్క నియమం: ఒంటికి తగిలిన పుల్ల తిరిగి డబ్బాలోకి వెళ్ళకూడదు. ఒకసారి ముంచడం, పూయడం, పారేయడం. రెండు కాళ్ళకు పుల్లలు గుట్టగా పడతాయి, దాని ఖర్చు రేటులో వేసుకోండి. కస్టమర్లు ఏమీ అడగరు కానీ ఆ గుట్టను చూస్తూనే ఉంటారు. ఎవరి పార్లర్‌లో పుల్ల మళ్ళీ డబ్బాలోకి వెళ్ళిందో కూడా వాళ్ళకు గుర్తుంటుంది.

7. కుర్చీలో కూర్చోబెట్టే ముందు

హెయిర్ కలర్‌కు, లాష్ గమ్‌కు, ఐబ్రో టింట్‌కు ప్యాచ్ టెస్ట్ 48 గంటల ముందు చెయ్యాలి, చెవి వెనకో మోచేతి మడతలోనో. కొత్త బ్రాండ్ మారిస్తే మళ్ళీ. "నాకు ఎప్పుడూ ఏమీ కాలేదు" అంటారు. రంగులో ఉండే పీపీడీకి అలర్జీ ఎన్నో ఏళ్ళు హాయిగా వాడిన తర్వాత కూడా రావచ్చు, ఎప్పుడో సరదాగా వేయించుకున్న బ్లాక్ హెన్నా టాటూ కూడా దానికి కారణం కావచ్చు. టెస్ట్ లేకుండా ఒత్తిడి చేసేవాళ్ళను వదులుకోండి.

మొదటిసారి వచ్చిన మనిషితో పది నిమిషాలు మాట్లాడండి. ఆ పది నిమిషాలు కూడా రేటులో ఉండాలి. అడగాల్సినవి ఏమిటంటే: ఏ మందులు వాడుతున్నారు, ముఖానికి రెటినాల్, ట్రెటినోయిన్ లాంటివి రాస్తున్నారా (ఉంటే అక్కడ వ్యాక్స్ వద్దు, చర్మం ఊడి రావచ్చు), మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకున్నారా (ఆపిన తర్వాత కూడా ఆరు నెలలు ఆగమనే చెబుతారు), గర్భిణీనా, చర్మవ్యాధి ఏదైనా ఉందా. జుట్టు విషయంలో, ఇంతకుముందు ఏమేం వేశారు? ఇక్కడ గట్టిగా అడగాలి. లోహపు లవణాలు కలిసిన హెన్నా పొడి వేసుకుని "మామూలు గోరింటాకే" అంటారు, దాని మీద రంగులో కలిపే పెరాక్సైడ్ పడితే జుట్టు వేడెక్కి పొగలొచ్చేదాకా పోవచ్చు. అనుమానముంటే తల వెనక భాగం నుంచి చిన్న పాయ కత్తిరించి, రంగు మిశ్రమంలో వేసి చూడండి. వేడెక్కినా, రంగు వింతగా మారినా, తీగలా సాగినా ఆ రోజు పని లేదు.

జవాబులు రాసుకోండి, తేదీ వేసి సంతకం తీసుకోండి. ఏ షేడ్, ఎంత, ఎన్ని నిమిషాలు ఉంచారో కూడా రాయండి. ఆరు వారాల తర్వాత "పోయినసారి లాగే" అన్నప్పుడు మీకు ఆ కాగితం కావాలి.

8. అపాయింట్‌మెంట్లు

చెప్పకుండా రానివాళ్ళ గంట తిరిగి రాదు. అందుకే కొత్తవాళ్ళ దగ్గర అడ్వాన్స్ తీసుకోండి, రేటులో పావు వంతో మూడో వంతో. 24 గంటల ముందు చెబితే వేరే రోజుకు మార్చుకోవచ్చు, ఆలోపైతే అడ్వాన్స్ తిరిగి రాదు. ఈ మాట బుక్ చేసే మెసేజ్‌లోనే ఉండాలి, తర్వాత చెబితే గొడవే. ముందు రోజు సాయంత్రం ఒక గుర్తుచేసే మెసేజ్ పంపితే సగం సమస్య అక్కడే తీరుతుంది. ఇక పనైపోయాక, ఆమె అద్దంలో చూసుకుని సంతోషంగా ఉన్న ఆ నిమిషంలోనే తర్వాతి తేదీ అడగండి: "కుదుళ్ళు మళ్ళీ ఐదో వారానికి కనిపిస్తాయి, మంగళవారం పెట్టమంటారా?" ఇంటికెళ్ళాక ఫోన్ చేస్తామన్నవాళ్ళలో చాలామంది మరిచిపోతారు.

9. మొదటి పదిమంది

పేరు, లోగోల మీద వారాలు గడపకండి. ఫొటోలు మాత్రం శ్రద్ధగా తీయండి. ముందు, తర్వాత ఒకే చోట, కిటికీ పక్కన, ఒకే కోణంలో, ఫిల్టర్ లేకుండా. ఫిల్టర్ వేసిన చర్మాన్ని చూసి వచ్చినవాళ్ళు మీరు ఎంత బాగా చేసినా పెదవి విరుస్తారు. ఫొటో పెట్టడానికి ఒప్పుకోలు రాతలో ఉండాలి, ముఖం కనిపించకపోయినా. ఇంటర్నెట్‌లో దొరికిన వేరేవాళ్ళ పని మీ పేజీలో వద్దు, ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతారు.

ప్రాక్టీసు కోసం మోడల్స్‌ను తీసుకుంటే ఎన్ని రోజులకో, ఎంతమందికో ముందే చెప్పి సామాన్ల ఖర్చు వరకు తీసుకోండి. ఆ తర్వాత నోటి మాటే పని చేస్తుంది. పరిచయం చేసినవాళ్ళకు చిన్న యాడ్-ఆన్ ఇవ్వండి, పావుగంట హెడ్ మసాజ్ లాంటిది.

10. తేడా వచ్చినప్పుడు

రంగు అనుకున్నట్టు రాలేదు, ఒక గోరు రెండు రోజులకే ఊడింది, ఇలాంటివి వస్తాయి. ఎన్ని రోజుల్లోపు చెబితే ఉచితంగా సరిచేస్తారో ముందే రాసి పెట్టండి, ఏడు రోజులు సరిపోతాయి. డబ్బు వాపసు కంటే సరిచేయడానికే మొగ్గు చూపండి. దద్దుర్లు, వాపు వస్తే వేరు: పని ఆపి, ఎక్కువ నీళ్ళతో కడిగి, వాడినదాని పేరు, పదార్థాల జాబితా ఫొటో ఆమెకు ఇచ్చి డాక్టర్ దగ్గరకు పంపండి. కళ్ళు, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా అంబులెన్స్ పిలవాలి, చూద్దాం అని ఆగకూడదు. మీరే క్రీములు రాసి వైద్యం చేయొద్దు. జరిగింది జరిగినట్టు ఆ రోజే రాసి, ఇన్సూరెన్స్ వాళ్ళకు తెలియజేయండి.

11. రేటు పెంచడం

రాబోయే మూడు వారాల దాకా డైరీ నిండిపోయి ఉంటే మీ రేటు తక్కువని అర్థం. గంటలు పెంచుకుంటూ పోతే మణికట్టు, నడుము ముందు ఎదురుతిరుగుతాయి. స్టూల్ ఎత్తు సర్దుకోండి, ముందుకు వంగి చేసే పనుల మధ్య నిలబడి చేసే పని పెట్టుకోండి, వారానికి ఒక రోజు గట్టిగా మూసేయండి. తర్వాత నెల రోజుల ముందు మెసేజ్ పెట్టండి: "వచ్చే నెల ఒకటో తేదీ నుంచి హెయిర్ కలర్ ఇంత, ఫేషియల్ ఇంత. ఈ నెలలో బుక్ చేసుకున్నవాళ్ళకు పాత రేటే." కారణాలు, క్షమాపణలు అక్కర్లేదు. కొందరు వెళ్ళిపోతారు. పది శాతం పెంచితే, వందమందిలో ఐదుగురు వెళ్ళినా మీకు వచ్చేది 104.5, పాతది 100. పైగా ఆ ఐదుగురి గంటలు ఖాళీ అయ్యాయి, వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకు వాటిని కొత్త రేటుకు ఇవ్వండి.